లష్కర్‌లో విందుకి పిలిస్తే ఏ స్వీట్ పట్టుకెళ్ళాలి?

ఈసారి ఎపిసోడ్‌లో కోటలు లేవు, ఫిరంగులు లేవు. ఒక స్వీట్ డబ్బా ఉంది. కానీ ఆ డబ్బా వెంట పోతే 1798 దాకా పోవాల్సి వచ్చింది, అక్కణ్నుంచి ఉజ్బెకిస్తాన్ దాకా కూడా. కాబట్టి హిస్టరీ కోసం వచ్చినవాళ్ళు ఎక్కడికీ పోకండి.

పోయినేడాది మా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఇంటికి భోజనానికి పిలిచాడు. సికింద్రాబాద్‌లోనే, జనరల్ బజార్ దగ్గర వాళ్ళిల్లు. జైనులు. వాళ్ళ ముత్తాతల కాలంలో రాజస్థాన్ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాడి తెలుగు నా తెలుగు కంటే నయం. వట్టి చేతుల్తో పోకూడదు కదా అని దారిలో ఒక బేకరీలో మూస్ కేక్ తీసుకున్నా. గుడ్డు తినరని తెలుసు, అందుకే అడిగి మరీ ‘ఎగ్‌లెస్’ అని స్టిక్కర్ ఉన్నదే తీసుకున్నా. నాకు నేనే శభాష్ అనుకున్నా కూడా.

ఆంటీ డబ్బా అందుకుంది, నవ్వింది, “ఎందుకు బేటా ఇదంతా” అంది, ఫ్రిజ్‌లో పెట్టింది. అంతే. ఆ కేక్ బయటికి రాలేదు. ఎందుకు రాలేదో చాలా నెలల తర్వాత వాడు చెప్పాడు. గుడ్డు లేదు సరే, మూస్ గట్టిపడటానికి జిలేటిన్ వేస్తారు కదా, అది జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసేది. ఆంటీ డబ్బా నాలుగు వైపులా తిప్పి చూసిందట. ఆకుపచ్చ చుక్క లేదు, గోధుమ రంగు గుర్తూ లేదు, ఎగ్‌లెస్ అన్న స్టిక్కర్ తప్ప ఏమీ లేదు. నన్ను అడిగితే నేను చిన్నబుచ్చుకుంటానని అడగలేదు. నేను వెళ్ళాక, “పిల్లాడు ప్రేమగా తెచ్చాడు, ఒక్క ముక్క తినలేకపోయా” అని ఆవిడే బాధపడిందట. కేక్ పోయినందుకు కాదు, ఆ మాట విన్నాక నాకు నిజంగా సిగ్గేసింది.

ఈ జనవరిలో వాడే మళ్ళీ ఫోన్ చేశాడు. జర్మనీలో ఉద్యోగం వచ్చింది, వచ్చే వారం ఫ్లైట్, “శనివారం డిన్నర్‌కి రా, ఐదుంబావుకల్లా ఉండాలి” అన్నాడు. డిన్నర్ ఐదుంబావుకి ఏంట్రా అన్నా. వాళ్ళమ్మ సూర్యాస్తమయం తర్వాత ఏమీ తినదు, నీళ్ళు కూడా తాగదు. చౌవిహార్ అంటారు దాన్ని. జనవరిలో మనకి ఆరు గంటలకే పొద్దుగూకుతుంది. అమ్మతో కలిసి తినాలంటే ఐదుంబావే. ఆ రోజు అక్కడ ఇంకో ఇద్దరు క్లాస్‌మేట్లు కూడా. ఒకడు ముస్లిం, వాడికీ జిలేటిన్ విషయంలో ఇబ్బందే. ఇంకొకడికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన స్వీట్ తప్ప మిగతావన్నీ చక్కెర ముద్దలే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అన్నీ ఎడ్జ్ కేసులే.

ఇలాంటి బల్ల మన ఊళ్ళో ఎలా తయారైందో ముందు చెప్తా, స్వీట్ సంగతి తర్వాత.

1798లో రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అప్పటిదాకా నిజాం దగ్గర ఫ్రెంచి అధికారులు శిక్షణ ఇచ్చిన సైన్యం ఉండేది. మూసారాంబాగ్ అనే పేరు ఆ ఫ్రెంచి సేనాని మోస్యూ రేమండ్ నుంచే వచ్చిందంటారు, అది వేరే ఎపిసోడ్. ఒప్పందంతో ఆ ఫ్రెంచి దళాల్ని రద్దు చేసి, కంపెనీ తాలూకు ఆరు బెటాలియన్లని నిజాం ఖర్చుతో ఇక్కడ పెట్టారు. వాళ్ళు హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన ఖాళీ నేల మీద డేరాలు వేశారు. 1806లో ఆ చోటికి మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్. కానీ జనం నోట్లో పడిన పేరు లష్కర్. లష్కర్ అంటే సైన్యం. ఇప్పటికీ మనం లష్కర్ బోనాలు అనే అంటాం కదా.

సైన్యం ఒక్కటే రాదు. తిండి అమ్మేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, వడ్డీకి డబ్బులిచ్చేవాళ్ళు, డోలీలు మోసేవాళ్ళు, అందరూ వెనకాలే వస్తారు. ఇక్కడికి వచ్చింది ప్రధానంగా మద్రాసు సైన్యం, దాంతో అరవం మాట్లాడే మొదలియార్లు వచ్చారు. మార్వాడీలు వచ్చారు, పార్శీలు వచ్చారు, మన తెలుగు కోమట్లు సరేసరి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు మార్గం తెరిచాక ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలు లాలాగూడ వైపు స్థిరపడ్డాయి. ఒకే బజారులో ఇంతమంది. ఒకరు తినేది ఇంకొకరు తినరు. ఒకరి వంట ఇంకొకరి గడప దాటదు. మా ఫ్రెండ్ వాళ్ళింట్లో నాకు ఎదురైన సమస్య ఈ ఊరికి రెండు వందల ఏళ్ళకి పైగా ఉంది.

లష్కర్‌లో పక్కవాళ్ళ సంగతి పక్కన పెట్టండి, ముందు అమ్మవారికి పట్టుకెళ్ళింది కూడా తీపే. కంపెనీ సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ మీద పోయాడు. ఆ టైములో ఇక్కడ కలరా. ఊరు బాగుపడితే నిన్ను మా ఊళ్ళో నిలుపుకుంటానని అక్కడి మహాకాళికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో ఇక్కడ విగ్రహం పెట్టాడని మనోళ్ళు చెప్పుకునే కథ. బోనం అంటే భోజనం. కొత్త కుండలో బియ్యం, పాలు, బెల్లం వేసి వండి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి తలమీద మోసుకుపోతారు. ఆషాఢంలో అమ్మ పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఇంటికొచ్చిన ఆడబిడ్డకి పాలన్నం. ఒక సిపాయి క్యాంపులో పుట్టిన ఊరికి అతి పెద్ద పండుగ ఇదే అవడం నాకు భలే నచ్చుతుంది.

సరే, నా శనివారం సంగతికొద్దాం. మొదట అనుకున్నది డబల్ కా మీఠా. సికింద్రాబాద్‌కి దీనికంటే సరైన స్వీట్ ఉండదనిపించింది. ఎందుకంటే బ్రెడ్‌ని మన దగ్గర రోజువారీ తిండిగా చేసింది కంటోన్మెంటే. బ్రిటిష్ సిపాయికి రోజువారీ రేషన్లో ఒక పౌండు బ్రెడ్ ఉండేది. తిరుమలగిరి వైపు బ్యారక్‌ల నిండా తెల్ల సిపాయిలు, వాళ్ళకి పొద్దున్నే వేడి వేడి బ్రెడ్ కావాలి. పిండి పొంగి రెండింతలవుతుంది కాబట్టి డబల్ రొట్టె అన్నారని చెప్తారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ డబల్ రొట్టె అనే అంటారు. మా నానమ్మకైతే అది జ్వరమొచ్చినోళ్ళ తిండి. ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని చూడ్డానికి పోతే చేతిలో బ్రెడ్ ప్యాకెట్, అంతే. ఒంట్లో బాగున్నోడు బ్రెడ్ తింటుంటే, “ఏమైందిరా నీకు” అనేది.

ఆ సిపాయి బ్రెడ్‌ని హైదరాబాద్ వంటవాళ్ళు తీసుకుని ఏం చేశారో చూడండి. ముక్కలు కోసి, నెయ్యిలో ఎర్రగా వేయించి, యాలకుల పాకంలో ముంచి, మరిగించి చిక్కబరిచిన పాలు పోసి, కుంకుమపువ్వు వేసి, జీడిపప్పు చల్లి, పెళ్ళి భోజనాల బల్ల మీదికి ఎక్కించారు. బ్యారక్‌లో పుట్టింది దావత్‌లో కూర్చుంది. నేను దాదాపు ఫిక్స్ అయిపోయా. వాడికి మెసేజ్ పెట్టా. “అమ్మ ఈస్ట్ వేసిన బ్రెడ్ తినదు రా” అని రిప్లై. ఈస్ట్ అంటే సూక్ష్మజీవి. పులియబెట్టి పొంగించేది ఏదైనా కఠినంగా పాటించే జైనులకి పనికిరాదు. అది కేవలం జైనుల పట్టింపు కాదు, ఒకప్పుడు బ్రెడ్ అంటేనే మన దేశంలో చాలా ఇళ్ళలో అనుమానం. గోవాలో పోర్చుగీసువాళ్ళు ఈస్ట్ దొరక్క కల్లు పోసి పిండి పొంగించారు. అలాంటి రొట్టెని మడి కట్టుకునే ఇల్లు లోపలికి రానిస్తుందా?

తర్వాత పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం లాంటి రేకు వస్తుంది. మధ్యలో నెయ్యి, చక్కెరో బెల్లమో. గుడ్డు లేదు, ఈస్ట్ లేదు, జిలేటిన్ లేదు. గోదావరి ఫ్రెండ్ కూడా ఖుష్. నిజం చెప్పాలంటే ఇది సేఫ్ ఆప్షన్, మీకు టైం లేకపోతే ఇదే చెయ్యండి. నేను ఎందుకు వద్దనుకున్నానంటే, ఊరు వదిలి పోతున్నోడికి ఊరి స్వీటే పెట్టాలని నా పట్టుదల. పైగా బైక్ మీద ప్యారడైజ్ సర్కిల్ దాటేసరికి పూతరేకులు పొడిరేకులవుతాయి.

ఫ్రూట్ బిస్కెట్ డబ్బా పట్టుకెళ్ళొచ్చుగా అంటారు. దేశ విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టాడు. వదిలొచ్చిన ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నాడు. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరులో ఒక గుంపు వెళ్ళి గొడవ చేస్తే, షాపువాళ్ళు బోర్డు మీద కరాచీ అన్న మాటని కప్పేయాల్సి వచ్చింది. ఇల్లు పోగొట్టుకున్న మనిషికి మిగిలింది ఆ పేరొక్కటే అని ఆ గుంపులో ఎవరికైనా తెలుసో లేదో. కానీ బిస్కెట్లు చాయ్‌తో బాగుంటాయి, విందు చివర్న గిన్నెలో వేసుకుని తినేది కాదు కదా.

ఒక మాట, స్వీట్ షాపులో కొనేవాళ్ళకి. వెండి రేకు చూసి చాలామంది శుద్ధ శాకాహారం అనుకుంటారు. పాతకాలం పద్ధతిలో వరక్ చెయ్యాలంటే వెండి ముక్కని జంతువుల పేగుల పొరలో, తోలు పొరల మధ్యో పెట్టి సుత్తితో కొట్టి పల్చన చేసేవాళ్ళు. చార్మినార్ దగ్గర ఆ టకటక చప్పుడు ఎంత ఫేమసో పాత బస్తీ తిరిగినవాళ్ళకి తెలుసు. 2016లో ఎఫ్ఎస్ఎస్ఏఐ వరక్ తయారీలో జంతు సంబంధమైనవి ఏవీ వాడకూడదని నిషేధించింది. ఇది తెలిసినప్పట్నుంచీ చాలా జైన్ ఇళ్ళలో వరక్ ఉన్న స్వీటే తీసుకోరు. నేను కేక్ ప్లేస్‌లో కాజూ బర్ఫీ తీసుకెళ్ళినా దొరికిపోయేవాణ్ణి అన్నమాట.

అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది ఖుబానీ కా మీఠా. ఎండు ఆప్రికాట్లు, చక్కెర, నీళ్ళు. అంతే. నెయ్యి కూడా లేదు. నిజాం పెళ్ళి విందుల్లో మటన్ బిర్యానీ తర్వాత వడ్డించే స్వీట్‌ని నియమం తప్పని జైనురాలు నిశ్చింతగా తినొచ్చు. పాలు కూడా మానేసిన వీగన్ తినొచ్చు. ముస్లిం ఫ్రెండ్‌కి ఏ ప్రశ్నా లేదు. నేను పుట్టినప్పట్నుంచీ తింటున్న స్వీట్ గురించి ఈ సంగతి నాకు మొన్నటిదాకా తట్టలేదు.

అసలు ఇది మన దగ్గరికి ఎలా వచ్చింది? ఆప్రికాట్ చెట్టుకి గట్టి చలికాలం కావాలి, దక్కన్ వేడిలో కాయదు. బాబర్ తన జ్ఞాపకాల్లో సొంత ఊరు ఫర్గానాని తలుచుకుంటూ, మర్గిలాన్ ఎండు ఆప్రికాట్ల గురించి రాశాడు. లోపలి గింజ తీసేసి దాని చోట బాదం పెట్టేవాళ్ళట. మర్గిలాన్ ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. మొదటి నిజాం తాతగారు కిలిచ్ ఖాన్ కూడా ఆ వైపువాడే, సమర్‌ఖండ్ ప్రాంతం. ఔరంగజేబు సైన్యంలో పనిచేస్తూ 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి ఇక్కడే చనిపోయాడు. అంతకు ముందున్న కుతుబ్‌షాహీలు ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు. అంటే ఈ గడ్డని ఏలినవాళ్ళు తరతరాలుగా ఆప్రికాట్లు కాసే దేశాల్ని వదిలొచ్చినవాళ్ళే. తాజా పండు అంత దూరం రాదు, కుళ్ళిపోతుంది. ఎండితే బస్తాల్లో, ఒంటెల మీద, కాబూల్ దారిలో నెలల తరబడి ప్రయాణం చేస్తుంది. ఇక్కడికొచ్చాక నీళ్ళల్లో నానబెడితే మళ్ళీ పండవుతుంది. ఇల్లు వదిలొచ్చినోడికి ఇంతకంటే ఏం కావాలి?

కొనడానికి బేగం బజార్ వెళ్ళా. ఇక్కడొక చిన్న సరదా ఉంది. ఆ నేలని వ్యాపారులకి ఇచ్చింది హమ్దా బేగం అని చెప్తారు, 1798లో కంపెనీతో సంతకం పెట్టిన నిజాం అలీ ఖాన్ భార్య. భర్త పుణ్యమా అని లష్కర్, భార్య పుణ్యమా అని కిరాణా. షాపులో రెండు రకాలు చూపిస్తారు. నారింజ రంగులో నిగనిగలాడేవి, గింజ లేనివి. రంగు పోకుండా వాటికి గంధకం పొగ పెడతారు. మీకు కావాల్సింది అవి కాదు. గోధుమ రంగులో, ముడతలు పడి, లోపల గింజ ఉండేవి. చూడ్డానికి బాగోవు, అవే ఖుబానీలు.

కొనేముందు వాడికి ఫోన్ చేసి మళ్ళీ అడిగా, ఒకసారి కాలింది కదా. ఫాల్గుణం నుంచి కార్తీకం దాకా ఎండు పళ్ళు మానేసే జైన్ ఇళ్ళు చాలా ఉన్నాయట. “చలికాలం కదా, అమ్మ తింటుంది, కానీ ప్రతి కాయా విప్పి చూడు” అన్నాడు. ఎందుకంటే ఎండు పళ్ళలో పురుగులుంటాయి. చిత్రం ఏంటంటే, ఖుబానీ చేసే పాతబస్తీ వంటవాళ్ళు కూడా ఇదే చెప్తారు, ప్రతిదీ విప్పి చూడమని. కారణాలు వేరు, పని ఒక్కటే.

అరకిలో ఖుబానీలు కడిగి రాత్రంతా నానబెట్టా. పొద్దున్నే ఒక్కోటీ విప్పి, చూసి, గింజ తీసి, నానబెట్టిన నీళ్ళు వడగట్టి అందులోనే సన్న మంట మీద పెట్టా. మెత్తబడ్డాక పావుకిలో చక్కెర. గరిటెతో నలిపేయకండి, కొన్ని ముక్కలు ముక్కలుగా ఉండాలి. ముప్పావు గంట పట్టింది. గిన్నె మాత్రం అమ్మ ప్రసాదాలకి వాడేది అడిగి తీసుకున్నా, మా ఇంట్లో మిగతా అన్ని గిన్నెల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు మటన్ ఉడికింది. గింజలు పగలగొడితే లోపల చిన్న బాదం పప్పులాంటిది వస్తుంది, పైన అలంకరణకి అదే. ఒకటి కొరికి చూడండి, చేదుగా ఉంటే పారెయ్యండి. చేదు గింజ కడుపులోకి పోతే సైనైడ్ విడుదలవుతుంది, జోక్ కాదు.

దీని పక్కన మీగడో కస్టర్డో పెట్టడం ఆనవాయితీ. కస్టర్డ్ అనగానే గుడ్డు గుర్తొచ్చి భయపడ్డా. ఇంగ్లిష్‌వాళ్ళ అసలు కస్టర్డ్‌లో గుడ్డే ఉంటుంది. కానీ మనం వాడే పొడిలో ఉండదు. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు భార్యకి గుడ్డు పడేది కాదు. ఆవిడ కోసం మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ తయారు చేశాడు. ఆవిడకి ఈస్ట్ కూడా పడేది కాదు, కొన్నేళ్ళకి ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ కూడా చేశాడు. గుడ్డు, ఈస్ట్ రెండూ పడని మనిషి ఇంకొకరు జనరల్ బజార్ దగ్గర ఉన్నారని ఆయనకేం తెలుసు! కస్టర్డ్ విడిగా చిన్న డబ్బాలో పోసుకున్నా.

శనివారం ఐదుంపావుకి కాదు, ఐదుకే వెళ్ళా. ఈసారి డబ్బా ఇచ్చి ఊరుకోలేదు. “ఆంటీ, ఖుబానీ, చక్కెర, నీళ్ళు. అన్నీ విప్పి చూశా. ప్రసాదం గిన్నెలో వండా. ఇది కస్టర్డ్, గుడ్డు లేదు, కావాలంటేనే” అని ఇంటర్వ్యూలో చెప్పినట్టు గబగబా చెప్పేశా. ఆవిడ కాసేపు నావైపే చూసి, “కేక్ సంగతి వీడు చెప్పేశాడా?” అంది. వాడు ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు.

ఐదూ యాభైకి గడియారం చూసి ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. కస్టర్డ్ ముట్టుకోలేదు, ఖుబానీ మాత్రమే. గింజలు నేనే కొట్టానా అని అడిగింది, అవునంటే వేళ్ళు చూపించమంది. గోదావరి ఫ్రెండ్ మాత్రం పూతరేకులైతే ఇంకా బాగుండేది అన్నాడు, వాడు మారడు.

వంటింట్లో మిగిలిన పావుకిలో ఖుబానీల సంగతి చెప్తే, అవి వాడి సూట్‌కేస్‌లోకి పోవాలని ఆంటీ ఆర్డర్. ఎండినవి కదా, పాడవవు. మరుసటి రోజు వెళ్ళి ఇచ్చొచ్చా. నా డబ్బా ఖాళీగా తిరిగి రాలేదు, ఇంట్లో చేసిన నువ్వుల చిక్కీతో వచ్చింది. ఇప్పుడు ఆ డబ్బా మళ్ళీ ఖాళీ, వాడు మ్యూనిక్‌లో ఉన్నాడు, ఆంటీ మాత్రం ఫిబ్రవరి దాటకముందే ఇంకోసారి చేసుకు రమ్మని కబురు పెట్టింది. వచ్చే ఎపిసోడ్‌లో రేమండ్ సంగతి చూద్దాం. ఉంటాను.